ఐదో సాక్షి

నా వృత్తి కొలవడం. కొలిచి గీయడం. పాత కట్టడాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. భూమిలోంచి బయటపడిన గోడ ఎంత పొడుగు, ఇటుక ఎంత మందం, గొయ్యి ఎంత లోతు, ఇవన్నీ టేపు పట్టి చూసి కాగితం మీద పెట్టడం నా పని. పావంగుళం తేడా వస్తే ఆ పూట అన్నం సయించదు నాకు. "మీరు మెతుకులు కూడా కొలిచే తింటారు" అని మా ఆవిడ తాయారు వేళాకోళం చేస్తుంది. ఇంత చాదస్తపు మనిషిని కనకనే ఇది రాస్తున్నాను. పెంకులదిబ్బ మీద నేను చూసింది మంచు వల్ల కలిగిన భ్రమ అని ఎవరైనా అంటే అననివ్వండి. చూపు తప్పిందంటే ఒప్పుకుంటాను. కొలత తప్పలేదు.

అది పందొమ్మిది వందల నలభై నాలుగు, పుష్యమాసం. ఆమదాలవలసలో రైలు దిగి, ఎడ్లబండి మీద పొందూరు వైపు రెండు కోసులు పోతే వస్తుంది పెంకులదిబ్బ. చుట్టూ కోతకొచ్చిన వరిచేలు, మధ్యలో మేడంత ఎత్తున ఎర్రమట్టి దిబ్బ. ఎక్కడ కాలు పెట్టినా కుండపెంకులే. పక్క ఊళ్ళ వాళ్ళు నూతులకీ పొయ్యిలకీ ఇటుకలు అక్కణ్ణించే మోసుకుపోయేవారు. మూరెడు పొడుగు ఇటుకలు అవి. మా పై అధికారి గణపతిరావుగారు మొదటిరోజే ఒక ఇటుకని చేతిలోకి తీసుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "కింద స్తూపం ఉందయ్యా ఉమాపతీ. రెండువేల ఏళ్ళ నాటిది" అన్నారు.

ఉంది కూడా. నెల తిరిగేసరికి గుండ్రటి ఇటుక గోడ బయటపడింది. ఒక ఇటుక మీద, పచ్చిగా ఉండగా నొక్కిన అరచెయ్యి గుర్తు ఉంది. ఐదు వేళ్ళూ స్పష్టంగా తెలుస్తున్నాయి. తవ్వేవాళ్ళ మేస్త్రీ గంగులు దాని మీద తన చెయ్యి పెట్టి చూశాడు. అచ్చంగా సరిపోయింది.

"ఈడూ నాలాగ మట్టి మనిసే బాబూ" అన్నాడు నవ్వుతూ. "సెయ్యి మిగిలింది. మనిసి ఏటయిపోనాడో."

గంగులు మంచి పనివాడు. నలభై ఏళ్ళుంటాయి. ఐదడుగుల ఐదంగుళాల మనిషి. నోట్లో మాట తక్కువ, చేతిలో గునపం ఎక్కువ. వాడి పెళ్ళాం గున్నమ్మ మట్టితట్టలు మోసేది. నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ చుట్ట కాల్చుకుంటూ, పొగ నోట్లోంచి వస్తోందో ముక్కులోంచి వస్తోందో తెలియకుండా, నెత్తి మీద తట్టతో గట్టెక్కేది. మొగుడితో పాటే పనిలోకి రావడం, మొగుడు తిన్నాకే తినడం. చూడముచ్చటగా ఉండేవారు.

వాళ్ళ పని పద్ధతి ఒకటి చెప్పాలి. గొయ్యి తవ్వేటప్పుడు అక్కడక్కడ మనిషి మందాన మట్టిని తవ్వకుండా వదిలేస్తారు. గొయ్యి దిగినకొద్దీ అవి దిమ్మల్లా పైకి తేలతాయి. వాటి నెత్తిన మొదటి నేల మీది గడ్డి అలాగే ఉంచుతారు. ఆ గడ్డి ఉంటేనే పాత నేల అక్కడిదాకా ఉండేదని నమ్మకం. దిమ్మని కొలిస్తే గొయ్యి లోతు తెలుస్తుంది. అంటే జరిగిన పనికి ఆ దిమ్మే సాక్షి. వాళ్ళు దాన్ని పిలవడమూ అలాగే, "సాచ్చి" అని. ఒక్కో సాక్షిని కొలవగానే గంగులు, ఆ గొయ్యికని కొత్తగా కోసుకున్న వెదురు కొలకర్ర మీద కత్తితో గీత పెట్టేవాడు. ఆ వెంటనే, దీపాల వేళ కాకముందే, గునపంతో సాక్షిని పడగొట్టేవాడు. పడగొట్టేముందు దాని ఎదురుగా నిలబడి, "సూసిందాక సాలు, ఎలిపో" అనేవాడు. ఆ మాట మేస్త్రీయే అనాలి. మిగతా కూలీలు సాక్షి మీద గునపం ఎత్తరు.

స్తూపం గోడ పక్కన తవ్విన పెద్దగొయ్యిలో నాలుగు సాక్షులు తేలాయి. అప్పుడే వచ్చింది చిక్కు. గణపతిరావుగారు ఫోటోలు తీసే గాజుపలకల కోసం మద్రాసు వెళుతూ నన్ను పక్కకి పిలిచారు.

"ఉమాపతీ, ఈ నాలుగు దిమ్మలూ అలాగే ఉండాలి. గోడా దిమ్మలూ కలిపి ఫోటో తీసి, నీ బొమ్మ పక్కన పెట్టి పైకి పంపుతాను. నీ ఉద్యోగం ఖాయమయిందే అనుకో. అవి పడిపోయాయో, నేను చెయ్యగలిగింది లేదు."

నా ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఉద్యోగం ఖాయమైతేగానీ పిల్లని కాపరానికి పంపనని విజయనగరంలో మా మావగారు భీష్మించుకు కూర్చున్నారు. తాయారు నెలకో ఉత్తరం రాసేది. ప్రతి ఉత్తరం చివరా ఒకే ప్రశ్న, "ఇంకా ఎన్నాళ్ళు?" అని. నా బతుకు ఆ నాలుగు మట్టిదిమ్మల మీద నిలబడి ఉంది.

ఆ సాయంత్రం గంగులు నాలుగూ కొలిచి, కర్ర మీద నాలుగు గీతలు పెట్టి, గునపం ఎత్తాడు. నేను అడ్డం వెళ్ళాను.

"ఇవాళ వద్దు గంగులూ. బొమ్మ గీసుకోవాలి. రేపు పడగొడదాం."

వాడి మొహం మాడిపోయింది. "బాబూ, ఎండలో సూసినోడు సీకట్లో సూడకూడదు. ఒగ్గీస్తే తోడు ఎతుక్కుంటాది."

"మట్టికి తోడేమిటయ్యా?"

"నాకేటి తెల్సు. మా అయ్య సెప్పినాడు. ఆయనకి ఆలయ్య సెప్పినాడు."

ఒక్కరోజే కదా అని బతిమాలితే, ఇష్టం లేకపోయినా ఊరుకున్నాడు. ఆ రాత్రే వాడికి వణుకుజ్వరం పట్టుకుంది. మర్నాడు కూలీలు మేస్త్రీ లేడని, కోతలు ముంచుకొచ్చాయని, ఎవరి చేలకి వాళ్ళు పోయారు. దిబ్బ మీద నేనూ, నా డేరా, ఆ నాలుగు సాక్షులూ మిగిలాం.

పొద్దు వాలుతుండగా రెండు క్వినైన్ బిళ్ళలు పట్టుకుని గంగులు గుడిసెకి వెళ్ళాను. ఆముదం దీపం పట్టుకుని గున్నమ్మ గుమ్మంలో నిలబడింది. గంగులు రెండు గోనెల కింద వణుకుతున్నాడు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు. నిప్పులా కాలిపోతోంది.

"బాబూ... కొట్టీసినారా?"

లేదంటే, ఆ జ్వరంలోనే లేచి వచ్చి పడగొడతాడు. నాకు తెలుసు.

"పడగొట్టాను."

"నాలుగూ?"

"నాలుగూ. చీకటి పడకముందే."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. కానీ వాడు చెయ్యి వదల్లేదు.

"ఒట్టెయ్యండి."

"నా మీద ఒట్టు."

"మీ మీద మీరు ఏసుకుంటే ఏటి నాభం బాబూ? మీకు కావలసినోల మీద ఎయ్యండి."

గున్నమ్మ దీపం కొంచెం ఎత్తి నా మొహంలోకి చూసింది. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. అదే నన్ను ఇప్పటికీ దహిస్తోంది. ఒక్క క్షణం తడబడినా బాగుండేది.

"తాయారు మీద ఒట్టు. నా భార్య మీద ఒట్టు. సరేనా?"

గంగులు నిట్టూర్చి కళ్ళు మూసుకున్నాడు. నేను బయటికి వచ్చి, ఒట్టు తీసి గట్టు మీద పెట్టినట్టే అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా. దారిలో చెరుకు విరుచుకుని నములుతూ కూడా వెళ్ళాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం నించే మంచు దిగడం మొదలైంది. మా వైపు పుష్యంలో పొద్దున్న మంచు మామూలే. మధ్యాహ్నం మంచు నేనెప్పుడూ చూడలేదు. గొయ్యి గట్టు మీద బల్ల వేసుకుని చివరి బొమ్మ గీస్తున్నాను. వరిగడ్డి వాసన ఆగిపోయింది. దాని బదులు గొయ్యిలోంచి మరో వాసన వస్తోంది. తడిసిన బూడిద వాసన. ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిలో నీళ్ళు పోస్తే వస్తుందే, అది.

వెలుతురు తగ్గుతోంది. చూసి గీస్తున్నాను, గీసి చూస్తున్నాను. గోడ అయింది. సాక్షులు అయ్యాయి. అంకెలు వెయ్యడానికి కలం తీశాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదు.

కాగితం మీద ఐదు దిమ్మలు ఉన్నాయి. నా చెయ్యి కంటికి కనబడిందే గీస్తుంది. కొలతల పుస్తకంలో నాలుగే. తలెత్తి గొయ్యిలోకి చూశాను. మంచులో నిలువుగా, నల్లగా... ఐదు.

ఐదోది కొంచెం కదిలింది.

"బాబూ..."

గంగులు! గోనె కప్పుకుని సాక్షుల మధ్య నిలబడి ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఎంత హడలగొట్టావయ్యా! జ్వరంతో ఎందుకొచ్చావు?"

వాడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఒట్టేసినారు కదా బాబూ" అన్నాడు మెల్లిగా. "పొద్దున్నుంచి మా గుమ్మం కాడ ఒకడు నిలబడ్డాడు. కదల్డు, పలకడు. గున్నమ్మకి అవుపడ్డం నేదు. ఆడి నెత్తి మీద... గడ్డి ఉన్నాది."

గంగులు గోనె పడేసి, మూలనున్న గునపం అందుకున్నాడు.

"సూసిందాక సాలు... ఎలిపో."

ధబ్బుమని మొదటిది పడింది. నేను ఆపలేదు. ఉద్యోగం పోతే పోయిందని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. రెండోది పడింది. మంచు గొయ్యిలోకి దిగిపోతోంది. మూడోది పడిన చప్పుడు మాత్రమే వినబడింది. ఆ తరవాత నాలుగోది.

గునపం ఆగింది.

"గంగులూ?"

వాడి ఆయాసం వినబడుతోంది.

"గంగులూ, అయిపోయాయి కదా. పైకి వచ్చెయ్."

"బాబూ..." గుసగుసగా అన్నాడు. "ఇంకోటి ఉన్నాది."

"నాలుగే కదయ్యా..."

"ఉన్నాది... నా ఎనకాల."

తరవాత ఆయాసం కూడా వినబడలేదు.

నేను లాంతరు కోసం డేరాలోకి పరిగెత్తాను. ఇక్కడ నిజం చెప్పాలి, చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. లాంతరు దొరికింది. యుద్ధం రోజులు కనక సముద్రం వైపు వెలుగు పోకుండా దానికి నల్లకాగితం చుట్టి ఉంది. అది వెలిగించాను. వెలిగించి... అక్కడే కూర్చున్నాను. చేతిలో లాంతరు పట్టుకుని తెల్లారేదాకా డేరాలోనే కూర్చున్నాను. యాభై గజాల దూరంలో ఒక మనిషి నా అబద్ధం వల్ల ఏమైపోయాడో చూడ్డానికి నాకు కాళ్ళు రాలేదు. నేను పిరికివాణ్ణి.

తెల్లారుతూనే గున్నమ్మ వచ్చింది. చేతిలో చోడంబలి ముంత ఉంది.

"బాబూ, మా ఆయన ఇటేపు ఒచ్చినాడా? రేతిరి కొంపకి రానేదు."

ఇద్దరం గొయ్యి దగ్గరకి వెళ్ళాం. మంచు విడిపోయి ఎండ పడుతోంది. నాలుగు మట్టికుప్పలు. వాటి పక్కన గునపం, గోనె. మధ్యలో ఒక సాక్షి నిలబడి ఉంది.

నెత్తి మీద పచ్చటి గరిక. దాని మీద మంచుబొట్లు.

తడిమట్టిలో గంగులు అడుగులు తెలుస్తున్నాయి. దిమ్మ నించి దిమ్మకి తిరిగినవి, ఆఖరుకి ఆ సాక్షి దాకా వెళ్ళినవి. తిరిగి వచ్చిన అడుగు ఒక్కటీ లేదు. నేను అలవాటు కొద్దీ దాని ఎత్తు కళ్ళతోనే అంచనా కట్టాను. అది గట్టుకంటే అంగుళం ఎత్తుంది. తవ్వగా మిగిలిన మట్టి గట్టుకంటే ఎత్తు ఉండటానికి వీల్లేదు. ఏ గొయ్యిలోనూ వీల్లేదు.

గున్నమ్మ గోడకి ఆనించి ఉన్న కొలకర్ర తీసింది. నాలుగు గీతల పైన ఐదో గీత ఉంది. కొత్త గీత. లోపలి తెల్లదనం కనబడుతోంది. కర్ర తీసుకెళ్ళి సాక్షి పక్కన నిలబెట్టింది. గీత సరిగ్గా గడ్డి మొదలుకి వచ్చింది. ఐదడుగుల ఐదంగుళాలు.

నడుమెత్తున, మట్టిలో ఒక అరచెయ్యి గుర్తుంది. లోపల్నించి బయటికి నొక్కినట్టు ఉబ్బి ఉంది.

గున్నమ్మ ఏడవలేదు. ఆ గుర్తు మీద తన చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. తరవాత ముంతలో అంబలి సాక్షి మొదట్లో పోసింది. భూమి గుటుక్కున పీల్చేసుకుంది.

"ఈయన్ని ఎవులూ కొట్టకండి" అంది నా వైపు తిరక్కుండానే.

"గున్నమ్మా, నేను..."

"నాను దీపం ఎట్టుకుని అక్కడే ఉన్నాను బాబూ. మీ ఒట్టు ఇన్నాను." అప్పుడు తిరిగింది. కళ్ళలో కోపం లేదు. జాలి ఉంది. ఆ జాలికే నేను ఎక్కువ భయపడ్డాను. "మీ యింటావిడ... ఎంత పొడుగుంటాది బాబూ?"

ఆమె కొలకర్ర నా చేతిలో పెట్టింది.

"ఇది మీ కాడే ఉండనీండి. గీత పడితే తెలుస్తాది."

గణపతిరావుగారు వచ్చి, పడిపోయిన సాక్షుల్ని చూసి నన్ను చెడామడా తిట్టారు. మిగిలిన ఒక్కదాన్నీ చూసి, నేనే గట్టు తప్పు కొలిచానన్నారు. ఒప్పేసుకున్నాను. గంగులు కలకత్తా జూట్‌మిల్లుకి పారిపోయి ఉంటాడని ఊళ్ళో తేల్చేశారు. స్తూపం బొమ్మ పై వాళ్ళకి నచ్చింది. రెండు నెలల్లో నా ఉద్యోగం ఖాయమైంది. మా మావగారు మంచిరోజు చూసి తాయారుని పంపారు. నేను కోరుకున్నదంతా నాకు దక్కింది.

నాలుగేళ్ళయింది. విజయనగరంలో చిన్న పెంకుటిల్లు, మేమిద్దరమే. గున్నమ్మ ఆ సాక్షికి వాన తగలకుండా తాటాకు పందిరి వేసిందని, రోజూ అంబలి పోస్తుందని విన్నాను. కొలకర్ర మా ఇంట్లో అటక మీద ఉంది. పారేస్తే గీత పడిందో లేదో తెలియదు. ఉంచితే రోజూ చూడాలి. ఉంచాను. రోజూ చూశాను. తాయారుని దాని ఛాయలకి పోనివ్వను. ఒకసారి బట్టలారేసుకుంటానని అడిగితే కసిరాను. ఎందుకు కసిరానో తెలియక పిచ్చిపిల్ల రోజంతా ఏడ్చింది. తన మీద ఒట్టు వేసి అబద్ధమాడానని చెప్పే ధైర్యం నాకు నాలుగేళ్ళుగా లేదు.

ఇవాళ వైశాఖ బహుళ పంచమి. రోళ్ళు పగిలే ఎండలు. పెరట్లో పచ్చటి ఆకు అన్నది లేదు. పొద్దున్న అటక మీంచి కర్ర దించాను. చేతికి వెదురుపొట్టు అంటుకుంది.

ఆరో గీత.

గోడకి ఆనించి పక్కన నిలబడ్డాను. నాదే కావాలని దేవుడికి మొక్కుకున్నాను. నిజంగా మొక్కుకున్నాను. గీత నా భుజం దగ్గర, తాయారు నెత్తి ఆనేచోట ఆగింది. టేపు తెచ్చి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. నాలుగడుగుల పదకొండంగుళాలు.

కర్ర వెనక్కి పెట్టేసి వంటింటి వైపు వెళ్ళాను. తాయారు తలంటి పోసుకుని, గుమ్మంలో కూర్చుని చిక్కు తీసుకుంటోంది. అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. కాళ్ళ మీద పడదామనే వెళ్ళాను.

"ఏమండీ" అంది వెనక్కి తిరక్కుండానే. "పాపిట్లో ఏదో గుచ్చుకుంటోంది. కాస్త చూద్దురూ."

వంగి చూశాను. పాపిటి మధ్యన పచ్చగా, సన్నగా, ఒక గరికపోచ. గాలికి వచ్చి పడిందేమో అనుకుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. రాలేదు. కొంచెం గట్టిగా లాగాను.

"అబ్బా!" అంది తాయారు. "అది నా జుట్టండీ..."

నా వేళ్ళకి మంచు తడి అంటింది.